కుదించిన యానిమేషన్ ఫైలును వెనక్కి నడపడం: ఫ్లిక్ డెల్టాల నుంచి వీడియో దాకా

ముందుకు మాత్రమే నడిచే యానిమేషన్ ప్లేయర్ రాయడం పెద్ద పనేం కాదు. ఫైలు తెరిచి, ఒక్కో ఫ్రేమూ చదివి, తెర మీద పెట్టుకుంటూ పోతే చాలు. అదే ప్లేయర్‌కి "వెనక్కి" అనే బటన్ పెట్టగానే బొమ్మ చెదిరిపోతుంది, పాత ఆకారాల మరకలు మిగిలిపోతాయి, రంగులు తారుమారవుతాయి. ఫ్రేముల వరుసను తిరగేసి చదివితే సరిపోతుందన్న ఊహ దగ్గరే తప్పు మొదలవుతుంది.

కారణం డెల్టా. కుదించిన యానిమేషన్లలో మొదటి ఫ్రేము తప్ప మిగతావి పూర్తి బొమ్మలు కావు. కిందటి ఫ్రేముకీ దీనికీ తేడా ఉన్న చోట్ల కొత్తగా ఏ విలువ పెట్టాలో మాత్రమే ఫైల్లో ఉంటుంది. అక్కడ అంతకుముందు ఏముందో ఎక్కడా ఉండదు. పలక తుడిచి కొత్త అక్షరం రాసినట్టే. పాత అక్షరం కావాలంటే తుడవకముందే ఎక్కించుకుని ఉండాలి, లేదా మొదటి నుంచి మళ్లీ రాసుకుంటూ రావాలి. మొదటిదానికి మెమరీ ఖర్చు, రెండోదానికి సమయం ఖర్చు. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ రెంటి మధ్య బేరాలే.

ఉదాహరణకు ఫ్లిక్ ఫార్మాట్‌ని తీసుకుందాం. 1989లో వచ్చిన ఆటోడెస్క్ యానిమేటర్ అనే ప్రోగ్రామ్ కోసం జిమ్ కెంట్ తయారుచేసిన ఎఫ్‌ఎల్‌ఐ, ఆ తర్వాత యానిమేటర్ ప్రోతో వచ్చిన ఎఫ్‌ఎల్‌సీ, రెండూ ఈ కుటుంబానివే. (ఈయనే తర్వాత మానవ జన్యుక్రమాన్ని కూర్చే ప్రోగ్రామ్ రాశారు.) ఫార్మాట్ చిన్నది, డీకోడర్ (కుదించినదాన్ని విప్పే కోడ్) ఒక్క రోజులో రాయొచ్చు, డెల్టా తెచ్చే చిక్కులన్నీ ఇందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. ఇక్కడ పట్టుబడితే జిఫ్, వీడియో తేలిక.

మొదటి మెట్టు: ఫ్రేములు ఎక్కడున్నాయో పట్టిక వేసుకోండి

ఫైలు హెడర్ (మొదట్లో వివరాలుండే భాగం) 128 బైట్లు. సంఖ్యలన్నీ చిన్న బైటు ముందు వచ్చే క్రమంలో ఉంటాయి. 4వ బైటు దగ్గర ఫైలు గుర్తు: 44817 ఉంటే ఎఫ్‌ఎల్‌ఐ, 44818 ఉంటే ఎఫ్‌ఎల్‌సీ. 6వ బైటు దగ్గర ఫ్రేముల సంఖ్య, 8 దగ్గర వెడల్పు, 10 దగ్గర ఎత్తు, 16 దగ్గర వేగం (ఒక్కో ఫ్రేము ఎంతసేపు నిలవాలో). వేగం విషయంలో జాగ్రత్త: ఎఫ్‌ఎల్‌ఐలో అది సెకనులో 70వ వంతుల లెక్క, ఎఫ్‌ఎల్‌సీలో మిల్లీసెకన్లు. రెంటినీ ఒకే లెక్కలో చదివితే యానిమేషన్ పది పదిహేను రెట్లు తేడాతో నడుస్తుంది.

ఎఫ్‌ఎల్‌సీలో మొదటి ఫ్రేము 80వ బైటు దగ్గరున్న సంఖ్య చెప్పిన చోట మొదలవుతుంది, రెండో ఫ్రేము 84 దగ్గరున్న సంఖ్య చెప్పిన చోట. హెడర్ అవగానే నేరుగా 128 దగ్గర చదవడం మొదలుపెడితే కొన్ని ఫైళ్లలో దెబ్బతింటారు. అక్కడ 61696 రకం చంక్ (సొంత హెడర్ ఉన్న డేటా భాగం) ఒకటి అడ్డంగా కూర్చుని ఉంటుంది, దాన్ని దాటెయ్యాలి. ఎఫ్‌ఎల్‌ఐలో ఈ రెండు సంఖ్యలూ ఉండవు, 128 దగ్గరే మొదలుపెట్టాలి.

ప్రతి ఫ్రేముకూ 16 బైట్ల సొంత హెడర్ ఉంటుంది: మొదటి నాలుగు బైట్లు ఫ్రేము మొత్తం పరిమాణం, తర్వాతి రెండు 61946 అన్న గుర్తు, ఆ తర్వాతి రెండు లోపల ఎన్ని చంకులున్నాయో. పరిమాణం చదివి, అంత దూరం దూకి, మళ్లీ చదివి, మళ్లీ దూకుతూ ఫైలు చివరిదాకా వెళ్లండి. ఏ ఫ్రేము ఎక్కడ మొదలైందో ఒక పట్టికలో రాసుకోండి. డీకోడ్ అక్కర్లేదు గనక ఇది క్షణంలో అయిపోతుంది.

రెండు విషయాలు ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. లోపల చంకులు సున్నా ఉన్న ఫ్రేము పాడైపోయిన ఫ్రేము కాదు. "బొమ్మ మారలేదు, కానీ ఈ సమయం గడవనివ్వు" అని దానర్థం. దాన్ని పట్టికలోంచి తీసేస్తే వెనక్కి నడిపేటప్పుడు కాలం తగ్గిపోతుంది. రెండోది, హెడర్లో చెప్పిన సంఖ్య కంటే ఫైల్లో ఒక ఫ్రేము ఎక్కువ ఉంటుంది. అది వలయ ఫ్రేము: ఆఖరి ఫ్రేము మీద దాన్ని వేస్తే మొదటి ఫ్రేము వస్తుంది. లూపు సాఫీగా తిరగడం కోసం పెట్టింది. పట్టికలో దాన్ని విడిగా ఉంచండి, మామూలు ఫ్రేముల్లో కలపొద్దు.

రెండో మెట్టు: చంకులను సరిగ్గా విప్పడం

వెనక్కి నడపడంలో వచ్చే తప్పుల్లో సగం నిజానికి ముందుకు నడిపేటప్పుడే ఉన్నవి. లూపు తిరిగి మొదటి ఫ్రేము పూర్తి బొమ్మ పడగానే అవి చెరిగిపోతాయి కాబట్టి ఎవరూ గమనించరు. అందుకే ముందు డీకోడర్ని గట్టిగా చూసుకోవాలి.

చంక్ హెడర్ 6 బైట్లు: పరిమాణం నాలుగు, రకం రెండు. 15వ రకం పూర్తి బొమ్మను వరస పైన వరసగా కుదించి ఇస్తుంది, సాధారణంగా మొదటి ఫ్రేములో ఉండేది ఇదే. 12, 7 రకాలు డెల్టాలు. మొదటిది ఎఫ్‌ఎల్‌ఐది, రెండోది ఎఫ్‌ఎల్‌సీది. 16వ రకం కుదించని పూర్తి బొమ్మ. 13వ రకం తెరంతా సున్నా రంగు చేసేస్తుంది. 4, 11 రకాలు రంగుల పట్టికవి (పిక్సెల్‌లో ఉండేది రంగు కాదు, ఈ పట్టికలో దాని నంబరు). 18వ రకం చిన్న నమూనా బొమ్మ, వదిలెయ్యండి.

15వ రకంలో లెక్క సంఖ్య ధనాత్మకమైతే తర్వాతి బైటును అన్నిసార్లు పునరావృతం చెయ్యాలి, రుణాత్మకమైతే అన్ని బైట్లను ఉన్నవున్నట్టు కాపీ చెయ్యాలి. 12వ రకంలో సరిగ్గా దీనికి తిరకాసు: ధనాత్మకం కాపీ, రుణాత్మకం పునరావృతం. ఒకే ఫంక్షన్ రెంటికీ వాడదామని చూసినవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

ఒక్క వరసను దగ్గరగా చూద్దాం. 12వ రకం డెల్టాలో ఒక వరసకు ఇలా వచ్చిందనుకోండి:

2, 40, 3, 12, 12, 15, 5, 156, 0

మొదటి 2 అంటే ఈ వరసలో రెండు ప్యాకెట్లు. ఎన్ని దాటాలి, ఎన్ని రాయాలి, ఏం రాయాలి, ఇది ఒక ప్యాకెట్. 40 పిక్సెళ్లు దాటు, 3 పిక్సెళ్లు కాపీ చెయ్యి, అవి 12, 12, 15. ఇప్పుడు 43వ స్థానంలో ఉన్నాం. 5 దాటితే 48. 156ని ధన, రుణ గుర్తున్న బైటుగా చదివితే (256 తీసేస్తే) మైనస్ 100. అంటే సున్నాను వందసార్లు రాయి. 48 నుంచి 147 దాకా సున్నాలు పడతాయి. మొత్తం తొమ్మిది బైట్లు. కానీ ఇవి చెరిపేసినవి నూట మూడు పిక్సెళ్లు, వాటి పాత రంగులు ఈ తొమ్మిది బైట్లలో ఎక్కడా లేవు. 13వ రకం ఇంకా ఘోరం: ఆరు బైట్ల హెడరే మొత్తం చంక్, తెరంతా తుడిచిపెట్టేస్తుంది.

7వ రకంలో లెక్క పిక్సెళ్లలో కాదు, రెండేసి పిక్సెళ్ల జతల్లో ఉంటుంది. ప్రతి వరస మొదట్లో 16 బిట్ల సంఖ్య వస్తుంది. దాని పై రెండు బిట్లు 00 అయితే అది ప్యాకెట్ల సంఖ్య. 11 అయితే దాన్ని రుణ సంఖ్యగా చదివి అన్ని వరసలు దాటాలి. 10 అయితే దాని కింది బైటును వరస ఆఖరి పిక్సెల్‌లో పెట్టాలి. బేసి వెడల్పున్న బొమ్మల కోసం పెట్టిన ఏర్పాటు ఇది. అరుదుగా వస్తుంది కాబట్టే మరిచిపోతారు.

ఇంకొకటి: చంక్ విప్పడం అయ్యాక మీ డీకోడర్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి తర్వాతి చంక్ చదవొద్దు. చంక్ మొదలైన చోటుకు దాని పరిమాణం కలిపి అక్కడికి దూకండి. సరిసంఖ్య కోసం చివర్లో ఒక బైటు అదనంగా పెట్టే ఫైళ్లున్నాయి.

రంగుల పట్టిక కూడా డెల్టానే

బొమ్మను జాగ్రత్తగా వెనక్కి తెచ్చి, రంగుల పట్టికను మరిచిపోవడం చాలా మామూలు. పట్టికలో 256 రంగులు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 768. పట్టిక చంకులు కూడా మారిన రంగులనే ఇస్తాయి: ఎన్ని దాటాలి, ఎన్ని మార్చాలి (సున్నా అంటే 256). బొమ్మ కదలకుండా పట్టిక మాత్రమే మారుతూ నీళ్లు పారినట్టు, వెలుతురు మారినట్టు చూపించే యానిమేషన్లు ఆ రోజుల్లో బోలెడు. వాటిని వెనక్కి నడిపితే నీళ్లు ఆగిపోతాయి లేదా రంగులు గందరగోళమవుతాయి. కాబట్టి ఇకనుంచి "ఫ్రేము స్థితి" అంటే బొమ్మ, పట్టిక రెండూ. 320×200 బొమ్మకు 64,000 బైట్లు, పట్టికకు 768, మొత్తం 64,768.

11వ రకంలో రంగుల విలువలు 0 నుంచి 63 దాకా ఉంటాయి. నాలుగుతో గుణిస్తే తెలుపు 252 దగ్గర ఆగి కాస్త మురికిగా కనబడుతుంది. నాలుగుతో గుణించి, దానికి అసలు విలువలో 16వ వంతు కలపండి. 63 అప్పుడు 255 అవుతుంది.

మూడో మెట్టు: పద్ధతి ఎంచుకోవడం

300 ఫ్రేముల ఎఫ్‌ఎల్‌ఐ ఫైలు తీసుకుని లెక్క చూద్దాం.

అన్నిటికంటే మొరటు పద్ధతి: ప్రతి ఫ్రేముకూ మొదటి నుంచి డీకోడ్ చేసుకుంటూ రావడం. 300వది చూపించడానికి 300 డీకోడ్లు, 299వదానికి 299, ఇలా మొత్తం 45,150. మెమరీ ఏమీ అక్కర్లేదు, కానీ ఫైలు పెరిగేకొద్దీ ఖర్చు దాని వర్గంలా పెరుగుతుంది. ఎక్కడో ఒక ఫ్రేముకు ఒక్కసారి దూకడానికి తప్ప దీన్ని వాడొద్దు.

అన్నిటికంటే సుళువైనది: మొత్తం ఫైలును ఒకసారి డీకోడ్ చేసి, ప్రతి ఫ్రేము స్థితినీ మెమరీలో పెట్టుకోవడం. 300 × 64,768 అంటే 1,94,30,400 బైట్లు. 640 కిలోబైట్ల డాస్ రోజుల్లో, మొత్తం మెమరీ ఖాళీగా దొరికినా పది ఫ్రేములు పట్టేవి. ఇవాళ ఫోన్లో కూడా ఇదొక లెక్క కాదు. నిజం చెప్పాలంటే చిన్న ఫైళ్లకు ఇదే చెయ్యండి, తెలివితేటలన్నీ పక్కనపెట్టండి. ఫ్రేములు వేలల్లో ఉన్నప్పుడు, బొమ్మ పెద్దదైనప్పుడు, లేదా చిన్న మైక్రోకంట్రోలర్ మీద నడపాల్సి వచ్చినప్పుడే కింది రెండు పద్ధతులు అవసరం.

చెక్‌పాయింట్ పద్ధతి

ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం తీసుకోండి. 300కి సుమారు 17. ఒకసారి ఫైలంతా ముందుకు డీకోడ్ చేస్తూ 1, 18, 35 ఇలా 290 దాకా ప్రతి 17వ ఫ్రేము స్థితినీ దాచండి. మొత్తం 18 చెక్‌పాయింట్లు. వెనక్కి నడిపేటప్పుడు ఆఖరి ముక్క నుంచి మొదలుపెట్టండి: 290 దగ్గరి స్థితిని తీసుకుని 300 దాకా డీకోడ్ చేసి, ఆ ముక్కలోని ఫ్రేములన్నీ ఒక బఫర్లో (తాత్కాలిక మెమరీలో) పెట్టి, చివర నుంచి చూపించండి. అది అయ్యాక 273 నుంచి 289 ముక్క. ప్రతి ఫ్రేమూ రెండుసార్లు మాత్రమే డీకోడ్ అవుతుంది: 45,150 బదులు 600.

ఇలాగే వదిలేస్తే ప్రతి 17 ఫ్రేములకూ ఒక కుదుపు కనిపిస్తుంది. ముక్క మారే క్షణంలో పదిహేడు డీకోడ్లు ఒక్కసారిగా పడతాయి మరి. రెండు ముక్కల బఫర్లు పెట్టుకుంటే కుదుపు పోతుంది. ఒక బఫర్లోంచి ఒక ఫ్రేము చూపించిన ప్రతిసారీ, దాని ముందు ముక్కలో ఒక ఫ్రేము రెండో బఫర్లోకి డీకోడ్ చెయ్యండి. ఇది ఖాళీ అయ్యేసరికి అది నిండి ఉంటుంది. మొత్తం మెమరీ 18 + 17 + 17, అంటే 52 స్థితులు, 33,67,936 బైట్లు. ఆఖరి ముక్క చిన్నది (11 ఫ్రేములే) కాబట్టి మొదలుపెట్టేముందు దానికి ముందున్న ముక్కలో ఆరు ఫ్రేములు ముందే డీకోడ్ చేసి ఉంచుకోండి.

వెనుక డెల్టా పద్ధతి

ఫ్రేము ఫ్రేముకూ కొద్దిగానే మారే యానిమేషన్లకు ఇది బాగా పనికొస్తుంది. ముందుకు నడిచేటప్పుడే, ఏ పిక్సెళ్ల మీద రాయబోతున్నామో వాటి పాత విలువల్ని ఒక చిట్టాలో ఎక్కించుకోవడం. చిట్టాలో ఒక్కో పద్దుకు మొదలయ్యే స్థానం (నాలుగు బైట్లు), పొడవు (రెండు), పాత బైట్లు. పైన చూసిన వరసకు రెండు పద్దులు: ఒకటి 6 + 3, రెండోది 6 + 100. ఫైల్లో తొమ్మిది బైట్లు తీసుకున్న మార్పుకు చిట్టాలో నూట పదిహేను. ఈ తేడాను ముందే లెక్కలో పెట్టుకోండి. ఒక ఫ్రేము చిట్టా 64,768 దాటితే చిట్టా పారేసి పూర్తి స్థితినే దాచండి.

అమలులో పాటించాల్సింది ఒక్కటి: డీకోడర్లో ఏ మూల నుంచీ నేరుగా బొమ్మ మీద రాయకూడదు. రాసే పనంతా ఒకే ఫంక్షన్ గుండా పోవాలి, చిట్టా ఎక్కించే పని ఆ ఫంక్షన్‌దే. లేకపోతే 7వ రకంలోని ఆ "ఆఖరి పిక్సెల్" లాంటిది జారిపోతుంది. వెనక్కి నడిపినప్పుడు బొమ్మ కుడి అంచున ఒక్క నిలువు గీత చెత్తగా కనిపిస్తుంటే కారణం అదే. పట్టిక మార్పులకూ ఇదే నియమం.

క్రమం ఇలా ఉండాలి. తెర మీద ఉన్న ఫ్రేము సంఖ్య "క" అనుకుందాం. "క" నంబరు చిట్టా అంటే "క"ను దాని ముందు ఫ్రేముగా మార్చేది.

ముందుకు: క+1 డెల్టా వెయ్యి, క+1 చిట్టా దాచు, క పెంచు.
వెనక్కి: క చిట్టా వెయ్యి, క తగ్గించు.

దిశ మారిన క్షణంలో ఒకే ఫ్రేము రెండుసార్లు పడుతున్నా, ఒకటి ఎగిరిపోతున్నా ఈ రెండు వరసల్లో ఎక్కడో సంఖ్య ఒకటి తేడా ఉన్నట్టే. చిట్టా వేసేటప్పుడు పద్దులను ఆఖరిది ముందుగా తీసుకోండి. ఒకే ఫ్రేములో ముందు తెర తుడిచే చంక్, దాని మీద డెల్టా ఉండొచ్చు. ముందు నుంచి వేస్తే తుడిచిన సున్నాలే తిరిగొస్తాయి.

లూపులో మొదటి ఫ్రేము నుంచి ఆఖరిదానికి వెనక్కి వెళ్లాలంటే వలయ ఫ్రేము చిట్టా కావాలి. ముందుకు ఒక్క చుట్టైనా తిరగకపోతే అది ఉండదు. అందుకే ఆఖరి ఫ్రేము పూర్తి స్థితిని ఒకటి విడిగా దాచుకోవడం మేలు.

పాత విలువ బదులు పాత, కొత్త విలువల ఎక్సార్ (రెంటి బిట్లలో తేడా ఉన్నచోట 1 వచ్చే లెక్క) దాస్తే ఒకే పద్దు రెండు దిశలకూ పనిచేస్తుంది: ఒకసారి వేస్తే ముందుకు, మళ్లీ వేస్తే వెనక్కి. అమీగా కంప్యూటర్ల యానిమ్ ఫార్మాట్లో ఎక్సార్ డెల్టాలకు చోటుంది. అలాంటి ఫైలును వెనక్కి నడపడానికి ఏ చిట్టా అక్కర్లేదు. అయితే అక్కడ చాలా ఫైళ్లలో డెల్టా కిందటి ఫ్రేము మీద కాకుండా రెండు ఫ్రేముల వెనకదాని మీద లెక్కగడతారు, అందుకని రెండు బఫర్లు ఎప్పుడూ జతగా ఉంచాలి.

సరిచూసుకోవడం

కంటితో చూసి బాగుందనుకోవద్దు. ముందుకు నడిపేటప్పుడు ప్రతి ఫ్రేము బొమ్మకూ పట్టికకూ కలిపి సీఆర్‌సీ (డేటా మారిందో లేదో పట్టిచ్చే చిన్న సంఖ్య) లెక్కగట్టి దాచండి. వెనక్కి నడిపేటప్పుడు ప్రతిదీ పోల్చండి. ఒక్క బిట్ తేడా వచ్చినా ఆపండి. ఆ తర్వాత యాదృచ్ఛికంగా ముందుకూ వెనక్కూ కొన్ని వేల అడుగులు వేయిస్తూ ప్రతి అడుగులోనూ పోల్చండి. దిశ మార్పు తప్పులు, వలయం దగ్గరి తప్పులు ఈ రెండో పరీక్షలోనే బయటపడతాయి.

జిఫ్ ఫైళ్లు

ఇక్కడ డెల్టా పారదర్శక పిక్సెళ్ల రూపంలో ఉంటుంది. దానికి తోడు ప్రతి ఫ్రేముకూ ఒక పారవేత సూచన (తర్వాతి ఫ్రేము రాకముందు దీన్ని ఏం చెయ్యాలో): అలాగే ఉంచు (1), ఆ చోటు ఖాళీ చెయ్యి (2), ముందున్నదాన్ని తిరిగి పెట్టు (3). ఫ్రేముల వరసను మాత్రం తిరగేస్తే ముక్కలు గాల్లో తేలినట్టు కనిపిస్తాయి. ముందు ప్రతి ఫ్రేమునూ పూర్తి కాన్వాస్‌గా పేర్చాలి, ఆ తర్వాత తిరగెయ్యాలి, ఆ తర్వాతే మళ్లీ కుదించాలి. ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో ఈ మూడూ వరసగా కోయలెస్, రివర్స్, లేయర్స్ ఆప్టిమైజ్ అన్న ఆప్షన్లు, వరస మార్చొద్దు. 500×400 బొమ్మకు ఒక్కో కాన్వాస్ 8,00,000 బైట్లు, 60 ఫ్రేములకు 4.8 కోట్ల బైట్లు.

విరామం సెకనులో వందో వంతుల్లో ఉంటుంది, ఏ ఫ్రేములో రాసి ఉంటే ఆ బొమ్మ నిలిచే సమయం అది. కాబట్టి బొమ్మతోపాటే విరామం కూడా కదలాలి. ముందుకూ వెనక్కూ ఊగే లూపు కావాలంటే చివరి రెండు కొసల్నీ రెండోసారి పెట్టొద్దు: 60 ఫ్రేములకు 118 చాలు, 120 పెడితే కొసల దగ్గర ఆగి ఆగి తిరుగుతుంది.

తిరగేసిన జిఫ్ పెద్దదయిందని కంగారుపడొద్దు. పారదర్శక నేపథ్యం మీద గీత కొద్దికొద్దిగా పెరిగే బొమ్మకు ముందుకు వెళ్లేటప్పుడు కొత్త గీత చాలు. వెనక్కి వెళ్లేటప్పుడు గీతను చెరపాలి. పారదర్శక పిక్సెల్ దేన్నీ చెరపలేదు, 2వ రకం పారవేతతో ఖాళీ చేసి మిగిలిన బొమ్మ మళ్లీ గీయాలి.

వీడియో

హెచ్.264 వంటి వీడియో ఫార్మాట్లలో చెక్‌పాయింట్లు ఫైల్లోనే ఉంటాయి: కీఫ్రేములు, అంటే పూర్తి బొమ్మలున్న ఫ్రేములు. ఒక కీఫ్రేము నుంచి తర్వాతి కీఫ్రేము దాకా ఒక ముక్క, చెక్‌పాయింట్ పద్ధతే వాడండి. చిక్కంతా ముక్క పొడవులో. ఎక్స్264 ఎన్‌కోడర్లో కీఫ్రేముల మధ్య గరిష్ఠ దూరం మామూలుగా 250. 1920×1080 ఫ్రేము విప్పితే 31,10,400 బైట్లు. 250 ఫ్రేములు 77,76,00,000 బైట్లు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌లోని రివర్స్ ఫిల్టర్ ఇంకో అడుగు ముందుకేసి మొత్తం క్లిప్‌ను మెమరీలో పెట్టుకుంటుంది. నిమిషం వీడియోకే యంత్రం స్తంభించిపోవడానికి కారణం ఇదే. ముందు వీడియోను కాపీ పద్ధతిలో (మళ్లీ కుదించకుండా) కీఫ్రేముల దగ్గర ముక్కలు చెయ్యండి, ఒక్కో ముక్కనూ విడిగా రివర్స్ చెయ్యండి, ముక్కల వరసను తిరగేసి అతికించండి. ఎడిటింగ్‌లో తరచూ ముందుకూ వెనక్కూ జరపాల్సిన ఫైలైతే, కీఫ్రేము దూరం 1గా పెట్టి పని కాపీ ఒకటి చేసుకోండి. ఫైలు చాలా పెద్దదవుతుంది, కానీ వెనక్కి జరపడం ముందుకు జరిపినంత తేలికవుతుంది.

శబ్దాన్ని ఈ ముక్కలతో కలిపి తిరగెయ్యొద్దు. శబ్దాన్ని కుదించే ఏఏసీ ఎన్‌కోడర్ ప్రతి ముక్క మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది, అతుకుల దగ్గర టిక్కుమంటుంది. శబ్దమంతా ఒకే ముక్కగా పీసీఎంలోకి (కుదించని శబ్దంలోకి) విప్పి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని ఏరివర్స్ ఫిల్టర్‌తో తిరగేసి, చివర్లో ఒకేసారి ఎన్‌కోడ్ చెయ్యండి. 48,000 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అయితే సెకనుకు 1,92,000 బైట్లు, పది నిమిషాలకు 11,52,00,000. మెమరీకి బరువేం కాదు. సొంత కోడ్‌తో తిరగేస్తే నాలుగేసి బైట్ల చొప్పున తిరగెయ్యాలి. రెండేసి చొప్పున తిరగేస్తే ఎడమ కుడి చానెళ్లు తారుమారవుతాయి, ఒక్కో బైటు చొప్పున తిరగేస్తే వినిపించేది బరబరే.